పొరుగు కంట్రోల్ రూముకు ఏం చెప్పాలి: ఐరోపా దేశాల మధ్య ఇంధన సమాచార సూత్రాలు (ప్రసంగ పాఠం)

పెద్దలకు, తోటి ఇంజినీర్లకు, విద్యార్థులకు నమస్కారం.

ఐరోపా దేశాలు తమ విద్యుత్తు లెక్కలను, మీటరు రీడింగులను, లైన్ల వివరాలను ఏ సూత్రాల మీద ఒకరితో ఒకరు పంచుకుంటున్నాయన్నది ఈరోజు నాకు అప్పగించిన విషయం. పైకి ఇది కాగితాల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ ఈ సూత్రాల్లో కొన్నింటి వెనుక కోట్లమంది చీకట్లో గడిపిన గంటలున్నాయి. అందువల్ల చట్టాల పేర్లు చెప్పేముందు ఒక ఓడ సంగతి చెబుతాను.

జర్మనీ వాయవ్య మూలన, ఎమ్స్ నది ఒడ్డున ఉన్న పాపెన్‌బుర్గ్‌లో మేయర్ వెర్ఫ్ట్ అనే నౌకానిర్మాణ కేంద్రం ఉంది. అక్కడ కట్టిన భారీ ఓడలు ఆ నది మీదుగానే ఉత్తర సముద్రానికి చేరుకోవాలి. నదికి పైన అడ్డంగా కానెఫోర్డె నుంచి డీలెకు 380 కిలోవోల్టుల జంట లైను పోతుంది. ఎత్తైన ఓడ దాటే వేళకు ఆ లైనును ఆపడం అక్కడి ఆనవాయితీ. 2006లో నార్వేజియన్ పెర్ల్ అనే ఓడ కోసం నవంబరు 5 తెల్లవారుజామున 1 గంటకు లైను ఆపాలని మొదట అనుకున్నారు, పొరుగు సంస్థలకు ఆ సమయమే తెలియజేశారు, వాళ్లు తమ లెక్కలు దాని ప్రకారమే చేసుకున్నారు. ఆ తరువాత నౌకాకేంద్రం మూడు గంటలు ముందుకు జరపమని కోరింది. లైను చూసుకునే ఇ.ఆన్ నెట్జ్ సంస్థ అందుకు ఒప్పుకుంది. ఆ మార్పు సంగతి పొరుగువారికి చేరింది మాత్రం నవంబరు 4 సాయంత్రం, ఇక పెద్దగా ఏమీ సర్దుకోవడానికి వీల్లేని వేళకు.

రాత్రి 9 గంటల 38 నిమిషాల ప్రాంతంలో లైను ఆపారు. దాని మీద పోతున్న విద్యుత్తు పక్క లైన్ల మీదికి మళ్లింది. అందులో లాండెస్‌బెర్గెన్ నుంచి వేరెన్‌డోర్ఫ్‌కు పోయే లైను ఒకటి. దాని ఒక కొస ఇ.ఆన్ నెట్జ్ చేతిలో, రెండో కొస ఆర్‌డబ్ల్యుఇ సంస్థ చేతిలో ఉన్నాయి. లైను ఎంత కరెంటు మోస్తే రక్షణ పరికరం దాన్ని తెంచేయాలన్న పరిమితిని రెండు కొసల్లోనూ వేర్వేరుగా పెట్టుకున్నారు. వేరెన్‌డోర్ఫ్ వైపు పరిమితి తక్కువ. ఆ సంగతి ఇవతలి కంట్రోల్ రూములో కూర్చున్నవారికి తెలియదు. భారం తగ్గుతుందనుకుని 10 గంటల 10 నిమిషాలకు లాండెస్‌బెర్గెన్ సబ్‌స్టేషన్లో రెండు బస్‌బార్లను, అంటే లైన్లు వచ్చి చేరే లోహపు పట్టీలను, కలిపారు. అలా కలిపితే ఏమవుతుందో లెక్క కట్టి చూసుకునే వ్యవధి తీసుకోలేదు. భారం తగ్గడానికి బదులు పెరిగింది, లైను ట్రిప్ అయింది, దాని వెనుక వరుసగా మిగతావి పోయాయి. క్షణాల్లో ఐరోపా ఖండపు గ్రిడ్ మూడు ముక్కలైంది. పడమటి ముక్కలో సుమారు 9000 మెగావాట్ల లోటు ఏర్పడి, 50 హెర్ట్‌జ్ ఉండవలసిన ఫ్రీక్వెన్సీ 49 దగ్గరికి జారింది. కోటిన్నరకు పైగా ఇళ్లకు సరఫరా పోయింది. మూడు ముక్కలను తిరిగి కలపడానికి 38 నిమిషాలు పట్టింది.

ఆ రాత్రి ఐరోపాలో మొత్తం మీద విద్యుత్తుకు కొరత లేదు. ఈశాన్య ముక్కలో మిగులు ఎక్కువై అక్కడ ఫ్రీక్వెన్సీ పైకి పోయింది కూడా. తుఫాను లేదు, యంత్రం పాడవలేదు. లైనుకు అవతలి కొసన ఉన్న ఒక అంకె ఇవతలి వారికి తెలియకపోవడం, ఒక సమయం మారిన సంగతి ఆలస్యంగా చేరడం, మారిన పరిస్థితిని లెక్క వేసి చూడకపోవడం, ఈ మూడూ కలిసి ఆ పని చేశాయి. నేను సమాచారం పంచుకోవడం గురించి మాట్లాడినప్పుడల్లా ఈ ఉదంతమే మొదట చెబుతాను. ఎందుకంటే పంచుకోవడాన్ని చాలామంది ఔదార్యంగా చూస్తారు, అడిగితే ఇచ్చే మంచితనంగా చూస్తారు. ఒకే తీగ రెండు కొసలను పట్టుకున్నవారి మధ్య అది బాకీ. అడగకపోయినా చెల్లించవలసిన బాకీ.

అంతకు మూడేళ్ల ముందు, 2003 సెప్టెంబరు 28న ఇటలీలోనూ ఇలాంటిదే జరిగింది. తెల్లవారుజామున 3 గంటల 1 నిమిషానికి స్విట్జర్లాండ్‌లో చెట్టుకు తగిలి ఒక లైను పోయింది. పది నిమిషాలకు స్విస్ కేంద్రం నుంచి ఇటలీ కేంద్రానికి ఫోన్ వెళ్లింది, దిగుమతి తగ్గించుకోమన్నారు. మొదటి లైను పోయిన 24 నిమిషాలకు రెండోదీ పోయింది, ఆ తరువాత కొద్ది నిమిషాల్లో సార్డీనియా తప్ప ఇటలీ అంతా చీకటైంది. ఒక దేశపు సరఫరా ఆధారపడిన సమాచారం అప్పట్లో టెలిఫోను రిసీవరు మీద నడిచింది.

ఈ రెండు అనుభవాల తరువాత వచ్చిన మార్పు నిదానంగా వచ్చింది గాని గట్టిగా వచ్చింది. 2008లో బ్రస్సెల్స్‌లో కోరెసో అనే ఉమ్మడి కేంద్రం వెలిసింది, మ్యూనిక్ కేంద్రంగా మరో కూటమి ఏర్పడింది. ఐరోపా ట్రాన్స్‌మిషన్ సంస్థలన్నీ కలిసి ఎంట్సో-ఇ అనే సంఘంగా ఏర్పడ్డాయి. 2017లో ఐరోపా సమాఖ్య తెచ్చిన 1485వ నంబరు నిబంధన ఈ బాకీకి చట్టరూపం ఇచ్చింది. తన గ్రిడ్ మీద ప్రభావం చూపగల పొరుగు ప్రాంతం ఎంతవరకో ప్రతి సంస్థా లెక్కకట్టి గుర్తించాలి. ఆ ప్రాంతంలోని లైన్ల స్థితి, వాటి పరిమితులు, జనరేటర్ల ఉత్పత్తి ఎప్పటికప్పుడు దానికి అందాలి. ప్రతి సంస్థా తన గ్రిడ్ నమూనాను తయారుచేసి పంపాలి, వాటన్నింటినీ కలిపి ఉమ్మడి నమూనా తయారుకావాలి. దీని ఫలితం 2021 జనవరి 8న కనిపించింది. ఆరోజు మధ్యాహ్నం క్రొయేషియాలోని ఎర్నెస్టినోవో సబ్‌స్టేషన్లో బస్‌బార్లను కలిపే కప్లర్ ఒకటి ట్రిప్ అయి గ్రిడ్ మళ్లీ రెండుగా చీలింది. ఈసారి అన్ని కంట్రోల్ రూముల ముందూ ఒకే చిత్రం ఉంది. ఫ్రాన్స్, ఇటలీలలో ముందుగా ఒప్పందం చేసుకున్న పరిశ్రమల భారం సుమారు 1700 మెగావాట్లు తగ్గించారు. గంటకు కాస్త పైగా సమయంలో రెండు ముక్కలూ కలిశాయి. ఇళ్లకు 2006 నాటి కష్టం రాలేదు.

సమాచారం చేరడం ఒక ఎత్తు, చేరిన అంకెను ఇద్దరూ ఒకే అర్థంలో చదవడం మరో ఎత్తు. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకునేవారు చాలామంది. సమయాన్నే చూడండి. మనకు దేశమంతా ఒకటే గడియారం, ఏడాది పొడుగునా రోజుకు 24 గంటలు. పోర్చుగల్, స్పెయిన్ పక్కపక్క దేశాలైనా వాటి గడియారాల మధ్య గంట తేడా. ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలు జర్మనీ కంటే గంట ముందుంటాయి. పైగా వసంతంలో ఒక ఆదివారం 23 గంటలే ఉంటుంది, శరత్కాలంలో ఒక ఆదివారం 25 గంటలు ఉంటుంది. పావుగంట లెక్కన చూస్తే మామూలు రోజున 96 రీడింగులు రావాలి, ఆ రెండు రోజుల్లో 92, 100 వస్తాయి. 25 గంటల రోజున రాత్రి 2 నుంచి 3 వరకు ఉన్న గంట రెండుసార్లు వస్తుంది. ఏ సంస్థ తన రికార్డులో స్థానిక సమయం మాత్రమే రాసి ఊరుకుంటుందో ఆ సంస్థ పంపిన ఆ గంట వినియోగం మొదటిదో రెండోదో అవతలివారికి తెలియదు. రీడింగు పక్కన రాసిన సమయం ఆ పావుగంట మొదలైన క్షణమా, ముగిసిన క్షణమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. 2025 అక్టోబరు 1 సరఫరా నుంచి ఐరోపాలో మరుసటి రోజు విద్యుత్తు బేరం పావుగంటల లెక్కన సాగుతున్నది గనుక, ఇలాంటి పొరపాటు ఇప్పుడు నేరుగా డబ్బు పొరపాటు అవుతుంది.

పేర్లదీ అదే సమస్య. ఇంటి మీటరు బిందువుకు ఫ్రాన్స్‌లో 14 అంకెల సంఖ్య ఉంటుంది, జర్మనీ విపణిలో 11 అంకెలది, డెన్మార్క్, నార్వేలలో 18 అంకెలది. సంస్థలకు, ప్రాంతాలకు, విద్యుత్ కేంద్రాలకు మాత్రం 16 అక్షరాల ఉమ్మడి గుర్తింపు సంకేతం ఒకటి ఐరోపా అంతటా అమల్లో ఉంది. గ్రిడ్ వస్తువులన్నింటినీ ఒకే నిఘంటువులోకి తెచ్చిన ప్రమాణాన్ని కామన్ ఇన్ఫర్మేషన్ మోడల్ అంటారు. ట్రాన్స్‌ఫార్మరు అంటే ఏమిటి, లైను పరిమితి అంటే ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ వ్యవధికి, మీటరు బిందువు దేనికి చెందుతుంది వంటివన్నీ అందులో నిర్వచించి ఉంటాయి. ఈ నిఘంటువు పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ లాండెస్‌బెర్గెన్ లైను రెండు కొసల్లో ‘పరిమితి’ అన్న మాటకు రెండు విలువలుండటం వల్ల ఏమైందో చూశాం గనుక, ఐరోపా ఇంధన సమాచార సూత్రాల్లో అతి ముఖ్యమైనది ఏదని నన్నడిగితే ఇదేనంటాను.

అందరికీ బాహాటంగా తెలియవలసిన సమాచారం మరొక రకం. 2013 నాటి 543వ నంబరు నిబంధన ప్రకారం 2015 జనవరి నుంచి ఎంట్సో-ఇ ఒక పారదర్శకత వేదికను నడుపుతున్నది. ఏ దేశంలో ఎంత వినియోగం, ఏ ఇంధనంతో ఎంత ఉత్పత్తి, సరిహద్దు దాటి ఎంత ప్రవాహం, అన్నీ అందులో ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. ఆ నిబంధనలో నాకు నచ్చిన ఆలోచన ఒకటుంది. ప్రతి సమాచారానికీ దాని స్వభావాన్ని బట్టి వేర్వేరు గడువు పెట్టారు. వంద మెగావాట్లకు పైబడిన యూనిట్ ఒక్కసారిగా ఆగిపోతే ఆ వార్త గంటలోపు బయటికి రావాలి, ఎందుకంటే ఆ సంగతి ముందుగా తెలిసినవాడు విపణిలో మిగతావారిని దోచుకోగలడు. అదే స్థాయి యూనిట్ గంటగంటకూ ఎంత ఉత్పత్తి చేసిందన్న వివరం ఐదు రోజుల తరువాత వెలువడుతుంది, ఎందుకంటే వెంటనే చెబితే పోటీదారులు దాని వ్యాపార వ్యూహాన్ని చదివేస్తారు. ‘అంతా తెరవండి’ అనేవారూ, ‘ఏదీ తెరవకండి’ అనేవారూ ఈ రెండు గడువులను పక్కపక్కన పెట్టుకుని చూడాలని నా మనవి. దీనికి తోడు 2011లో వచ్చిన రెమిట్ చట్టం లోపలి సమాచారంతో వ్యాపారం చేయడాన్ని నిషేధించింది. స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో ఉన్న ఏసర్ అనే నియంత్రణ సహకార సంస్థ 2015 అక్టోబరు నుంచి టోకు వ్యాపార లావాదేవీల వివరాలను సేకరించి పరిశీలిస్తున్నది.

గ్యాసు విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. 2022లో రష్యా గ్యాసు తగ్గిపోయినప్పుడు భూగర్భ నిల్వలు శీతాకాలానికి ముందు 80 శాతం నిండాలని ఐరోపా సమాఖ్య నిబంధన తెచ్చింది. నిల్వ సంస్థల ఉమ్మడి వేదికలో దేశాలవారీగా రోజువారీ అంకెలు అప్పటికే ప్రచురణలో ఉండటం వల్ల ఆ లక్ష్యాన్ని పత్రికలూ ప్రజలూ కూడా రోజురోజూ తనిఖీ చేయగలిగారు.

ఇక ఇంటి మీటరు దగ్గరికి వద్దాం. ఇంతవరకు చెప్పినదంతా సంస్థల సమాచారం. మీటరు రీడింగు ఒక మనిషి సమాచారం. పావుగంటకొకసారి తీసిన రీడింగును వరుసగా చూస్తే ఆ ఇంట్లో వాళ్లు ఎప్పుడు నిద్ర లేస్తారో, ఏ వారం ఊళ్లో లేరో, రాత్రుళ్లు ఎవరైనా మేలుకుని ఉంటారో ఊహించవచ్చు. నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటరును ప్రతి ఇంటికీ తప్పనిసరి చేసే బిల్లును 2009లో అక్కడి ఎగువ సభ అడ్డుకున్నది ఈ కారణం మీదే. మీటరు వద్దనే హక్కు, మీటరు పెట్టుకున్నా రీడింగులు తరచుగా పంపవద్దనే హక్కు ఇంటివారికి ఇచ్చిన తరువాతే ఆ పథకం ముందుకు సాగింది. ఆ ఆలస్యాన్ని నేను నష్టంగా లెక్కవేయను. ప్రజల నమ్మకం లేకుండా గోడకు బిగించిన మీటరు నుంచి ఏ దేశమూ మంచి సమాచారం రాబట్టుకోలేదు.

ఫ్రాన్స్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ 2020 ఫిబ్రవరిలో ఇడిఎఫ్, ఎన్‌జీ అనే రెండు పెద్ద సరఫరా సంస్థలకు ఇచ్చిన నోటీసులను బయటపెట్టింది. లింకీ అనే అక్కడి స్మార్ట్ మీటర్ల నుంచి రోజువారీ వినియోగం తీసుకోవడానికీ, అరగంట అరగంట వినియోగం తీసుకోవడానికీ వినియోగదారుడి చేత ఒకే గడిలో టిక్కు పెట్టించడం చెల్లదని అందులో చెప్పింది. రోజుకు ఒక అంకె ఇవ్వడానికి ఒప్పుకున్నవాడు రోజుకు 48 అంకెలు ఇవ్వడానికి ఒప్పుకున్నట్టు కాదు. సమ్మతి అంటే ఇంత నిక్కచ్చిగా ఉండాలని 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆశయం. దేనికోసం, ఎంత వివరంగా, ఎంతకాలం అన్న మూడింటికీ విడివిడిగా జవాబు ఉండాలి, ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి.

అయితే గోప్యత పేరు చెప్పి మీటరు సమాచారాన్ని సంస్థలు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటే వినియోగదారుడికి ఒరిగేదేమీ లేదు. తన రీడింగులు చూపించి చౌకగా సరఫరా చేసేవారిని వెతుక్కోవాలన్నా, కారు చార్జింగును చవక వేళలకు మార్చుకోవాలన్నా, ఆ సమాచారం తను కోరినవారికి చేరాలి. 2019 నాటి 944వ నంబరు విద్యుత్ ఆదేశం ఈ రెండు వైపులనూ కలిపి రాసింది. వినియోగదారుడు కోరితే అతని సమాచారం అతను చెప్పిన సంస్థకు వివక్ష లేకుండా అందాలి, అందుకు అతని నుంచి అదనపు రుసుము తీసుకోకూడదు. మీటరు సమాచారాన్ని భద్రపరిచే పంపిణీ సంస్థకు తోడుగా అదే గుంపులో సరఫరా వ్యాపారం కూడా ఉంటే, ఆ తోబుట్టువుకు ఒక నిమిషం ముందుగా గాని, ఒక వివరం ఎక్కువగా గాని ఇవ్వకూడదు. అదే ఆదేశం తనిఖీ పూర్తయిన పాత రీడింగులకూ, తనిఖీ కాని తాజా రీడింగులకూ తేడా స్పష్టంగా చెప్పింది. బిల్లు మొదటిదాని మీద వేయాలి, ఇంట్లో గీజరు ఎప్పుడు వేసుకోవాలో చూసుకోవడానికి రెండోది చాలు. అంకెతోపాటు దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా ప్రయాణించాలన్న ఈ నియమం చిన్నదిగా కనిపిస్తుంది గాని, బిల్లుల తగాదాలు చూసినవారికి దాని విలువ తెలుస్తుంది.

ఒక్కొక్క దేశం దీన్ని ఒక్కొక్క తీరుగా అమలు చేస్తున్నది. డెన్మార్క్‌లో ట్రాన్స్‌మిషన్ సంస్థ ఎనర్జినెట్ 2013 నుంచి దేశమంతటికీ ఒకే డేటాహబ్ నడుపుతున్నది. నార్వేలో ఎల్‌హబ్ 2019లో, ఫిన్లాండ్‌లో ఫిన్‌గ్రిడ్ సంస్థ హబ్ 2022లో మొదలయ్యాయి. జర్మనీ అలా ఒకచోట పోగుచేయడానికి ఒప్పుకోక, ఇంటి దగ్గరి భద్రమైన గేట్‌వే పరికరం నుంచే హక్కు ఉన్నవారికి విడివిడిగా పంపే పద్ధతిని ఎంచుకుంది. అందరూ ఒకే హబ్ కట్టుకోవాలని బ్రస్సెల్స్‌లోని ఐరోపా సమాఖ్య ఆదేశించి ఉంటే ఆ తగువు ఇంకా తెగేది కాదు. 2023 జూన్‌లో వచ్చిన 1162వ నంబరు అమలు నిబంధన మరో దారి తొక్కింది. మీటరు రీడింగులను భద్రపరిచేవారు, వాటిని బయటికి అందించేవారు, సమ్మతులను చూసుకునేవారు, కోరి తీసుకునేవారు అంటూ పాత్రలను నిర్వచించి, ఏ పాత్రను ఏ సంస్థ పోషిస్తుందో తేల్చుకునే పని దేశాలకు వదిలింది. ప్రతి దేశమూ తన పద్ధతి ఆ పాత్రల నమూనాతో ఎక్కడెక్కడ సరిపోతుందో రాసి ప్రకటించాలి. పోర్చుగల్‌లోని చిన్న కంపెనీ ఎస్టోనియాలోని ఇంటికి సేవ అందించాలనుకుంటే, అక్కడ ఏ తలుపు తట్టాలో ఆ ప్రకటన చూసి తెలుసుకోగలగాలి. రాజ్యాల స్వభావాలను మార్చే ప్రయత్నం చేయకుండా వాటి మధ్య మాట కలిపిన ఈ పద్ధతి నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఒక్క వెలితి ఉంది. సమాచారం తీసుకునే సంస్థల నుంచి ఎంత రుసుము వసూలు చేయాలో ఏ దేశానికి ఆ దేశమే నిర్ణయించుకోవచ్చు, అది న్యాయంగా ఉండాలని మాత్రమే చట్టం అంటుంది. పెద్ద కంపెనీకి లెక్కలోకి రాని రుసుము, కొందరు ఇరుగుపొరుగువారు కలిసి పెట్టుకున్న సౌరవిద్యుత్ సహకార సంఘానికి మోయలేని భారం అవుతుంది. అలాంటి సంఘాలను రుసుము నుంచి పూర్తిగా మినహాయించాలని నా అభిప్రాయం.

భద్రత పేరుతో వచ్చే అభ్యంతరాలను కూడా కొట్టిపారేయలేం. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో సైబర్ దాడి చేసి సుమారు 2 లక్షల 25 వేలమందికి సరఫరా ఆపారు. 2022 ఫిబ్రవరి 24న ఒక ఉపగ్రహ సమాచార వ్యవస్థ మీద జరిగిన దాడి వల్ల జర్మనీతో సహా మధ్య ఐరోపాలో సుమారు 5800 గాలిమరల దూరనియంత్రణ తెగిపోయింది. సరిహద్దు దాటే విద్యుత్ ప్రవాహాల సైబర్ భద్రతకు 2024లో ప్రత్యేక నిబంధన వచ్చింది. రక్షణ పరికరాల అమరికలు, దూరం నుంచి మీట నొక్కే మార్గాలు పొరుగు ఆపరేటరుకు తప్పక తెలియాలి, వీధిన పోయేవారికి తెలియకూడదు. కానీ గ్రిడ్ పటం, లైన్ల సామర్థ్యం, గత వినియోగం వంటివి కూడా రహస్యమేనని కొన్నిచోట్ల దాచిపెడుతున్నారు. అలా దాచినప్పుడు నష్టపోయేది పరిశోధకులు, విశ్వవిద్యాలయాలు, ఆ లెక్కలను తిరగవేసి చూసే పౌరులు. దాచవలసిందేమిటో పేరుపేరునా రాసి, ఎందుకో కారణం చెప్పి, మిగతాదంతా తెరవడం న్యాయం.

చివరిగా ఉక్రెయిన్ సంగతి. ఉక్రెయిన్, మోల్డోవా గ్రిడ్లను ఐరోపా ఖండపు గ్రిడ్‌తో కలపడానికి 2017లో ఒప్పందం జరిగింది. అప్పటి నుంచి వాటి జనరేటర్లు, లైన్లు, రక్షణ అమరికలు, ఫ్రీక్వెన్సీ ఆటుపోట్లకు వాటి స్పందన, అన్నీ ఐరోపా సంస్థలకు అందుతూ, వాటి మీద లెక్కలు సాగుతూ వచ్చాయి. రష్యా, బెలారస్ గ్రిడ్లతో ఉన్న పాత కలయిక నుంచి విడిపోయి ఒంటరిగా నిలబడే పరీక్షను ఉక్రెయిన్ 2022 ఫిబ్రవరి 24 తెల్లవారకముందే మొదలుపెట్టింది. మూడు రోజుల పరీక్ష అది. కొద్ది గంటల్లోనే యుద్ధం మొదలైంది, తిరిగి పాత గ్రిడ్‌లో కలిసే మాటే లేకపోయింది. మామూలుగా ఇంకా ఏడాది పట్టవలసిన పనిని మార్చి 16న పూర్తిచేసి ఆ రెండు దేశాలను ఐరోపా గ్రిడ్‌లో కలిపారు. బాంబులు పడుతున్న రోజుల్లో కూర్చుని ఆ వివరాలు సేకరించడం ఎవరివల్లా అయ్యేది కాదు. అవన్నీ అప్పటికే పొరుగువారి కంప్యూటర్లలో, ఇద్దరికీ అర్థమయ్యే భాషలో, సరిచూసి పెట్టి ఉన్నాయి.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.